అల్వాల్‌లో పడిన బండి

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు మా బైక్ క్లబ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. గుండె ఆగిపోయిందట. ఏడుపు బొమ్మల వరుస కింద, పది నిమిషాలైనా గడవకముందే, క్లబ్ ప్రెసిడెంట్ ఒక పోస్టర్ పెట్టాడు. ‘ఉస్తాద్‌కు నివాళి రైడ్. అందరూ క్లబ్ జాకెట్లలో రావాలి.’ అందులో ఉస్తాద్ ముఖం కన్నా ప్రెసిడెంట్ బండే పెద్దగా ఉంది. రోత పుట్టి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ రోత కొంత వాళ్ల మీద, ఎక్కువ నా మీద. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఉస్తాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున్నే సైనిక్‌పురిలో ఒక ఖాళీ మైదానంలో పెద్ద టూరింగ్ బండ్లను నెమ్మదిగా నడపడం నేర్పేవారు. రెండున్నర క్వింటాళ్ల బండి హైవే మీద తనంతట తానే నిలబడుతుంది. మనిషి నడిచే వేగానికి దిగినప్పుడే దాని బరువంతా మన మీదికి వస్తుంది. "స్పీడ్ల అందరు పులులే. గల్లీల మలుపుమను, తెలుస్తది," అనేవారు.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఐదడుగుల ఎత్తుతో, నలభై ఆరేళ్ల వయసులో అలాంటి బండి కొన్నాను. సీటు మీద కూర్చుంటే మునివేళ్లే నేలకు అందుతాయి. క్లబ్‌లో నన్ను చూసి నవ్వనిది ఉస్తాద్ ఒక్కరే. నేల మీద ముగ్గుపిండితో ఎనిమిది అంకె గీసి, క్లచ్ సగం వదిలి, వెనక బ్రేకు మీద కాలు ఆనించి, ఆ గీత వెంట తిప్పమనేవారు. పక్కనే నడుస్తూ వచ్చేవారు. చేయి బండికి జానెడు దూరంలో ఉండేది కానీ తాకేది కాదు.

"కింద ఏం జూస్తున్నవమ్మా? ఏడికి పోవాల్నో ఆడికి చూడు. కింద జూస్తే కిందికే పోతవ్."

ఎవరైనా ఊరికే యాక్సిలరేటర్ తిప్పి మోత పెడితే ఆయన ముఖం కుళ్లిన పండు కొరికినట్టు అయ్యేది. "ఛీ, బంద్ జెయ్. బండికి సర్ది అయిందా, గట్ల దగ్గిస్తున్నవ్?" చివరి బండి స్టాండు ఎక్కేదాకా చాయ్ ముట్టేవారు కాదు. ఒక మాట మాత్రం ప్రతి ఆదివారం చెప్పేవారు: హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టొద్దు.

మూడేళ్ల కింద క్లబ్ హిమాలయాల్లోని స్పితి లోయ రైడ్‌కు పేర్లు తీసుకుంది. ఆడవాళ్లలో పేరిచ్చింది నేనొక్కదాన్నే. "చూద్దాం మేడమ్, అప్పటిదాకా బండి పడెయ్యకుంటే," అన్నాడు ప్రెసిడెంట్. అందరూ నవ్వారు.

ఆ వారమే క్లబ్ రైడ్ మధ్యలో అల్వాల్‌లో ఒక టిఫిన్ హోటల్ దగ్గర ఆగాం. పార్కింగు ఏటవాలు, నిండా కంకర. మిగతావాళ్లు లోపల తింటున్నారు. బండి తిప్పి పెట్టాలనుకున్నాను.

"దిగమ్మా, ఇద్దరం నూకి తిప్పుదాం," అన్నారు ఉస్తాద్.

"వద్దు ఉస్తాద్, నాకొస్తది." అద్దాల వెనక నుంచి వాళ్లు చూస్తున్నారేమోనని నా ధ్యాస.

హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉండగా కంకరలో కాలు జారింది. భయంతో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. బండి కుడివైపు ఒరిగింది. ఎప్పుడూ తాకని ఆ చేయి ఆరోజు బండిని పట్టుకుంది. లేకుంటే నా కాలు నలిగేది. నేను పక్కకు దూకాను. ఇంజన్ గార్డు ఉస్తాద్ చీలమండ మీద పడింది.

లోపలున్న వాళ్లు పరుగెత్తుకొచ్చారు. నేను నోరు తెరవకముందే ఆయన పళ్లు బిగబట్టి అన్నారు: "నేనే తిప్పబోయిన. చెయ్యి జారింది."

"ఏం ఉస్తాద్, మీరే గిట్లయితే ఎట్ల?" అని ప్రెసిడెంట్ నవ్వాడు. నేను నోరు మూసుకున్నాను.

ఎముక సరిగ్గా అతకలేదు. బండి పక్కన నడవలేని మనిషి దగ్గర ఎవరు నేర్చుకుంటారు? ‘పెద్దాయనకు వయసైంది’ అని క్లబ్ ఆయనను పిలవడం మానేసింది. నేను స్పితి వెళ్లొచ్చాను, మెడలో మెడల్‌తో ఫోటో దిగాను. ఇప్పుడా ఫోటో చూడలేను.

తిరిగొచ్చాక ఆయన ఇంటికెళ్లి, అందరికీ నిజం చెప్పేస్తానన్నాను.

"బండి పడుడుకు సిగ్గెందుకు? అందరిది పడ్తది," అన్నారు. "కానీ అబద్ధమాడినం సూడు, గది గలీజు. నిన్ను తీస్కపోరని నేనాడిన. మరి పోయొచ్చినంక సుత నువ్వెందుకు దాస్తున్నవ్?"

రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటూ రెండేళ్లు గడిపాను. ఆయన మళ్లీ అడగలేదు. వెళ్లిన ప్రతిసారీ చాయ్ మాత్రం ఇప్పించారు.

ఆయన పోయిన మూడో రోజు, ఇంట్లో జియారత్ ఫాతెహా ప్రార్థన జరుగుతుండగా, లాలాగూడలో ఆ ఇరుకు గల్లీలోకి ఇరవై బండ్లు మోత పెట్టుకుంటూ వచ్చాయి. వాటిలో నాదీ ఒకటి. ఉస్తాద్ భార్య కిటికీ రెక్కలు మూసేసింది. కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒకడు వీడియో తీస్తుంటే ప్రెసిడెంట్ మైకు పట్టుకున్నాడు.

"స్లో రైడింగ్‌ల కింగ్ మన ఉస్తాద్. పాపం, లాస్ట్‌కు ఆగి ఉన్న బండినే పట్టలేకపోయిండు." ఎవరో కిసుక్కుమన్నారు.

నేను ముందుకు వెళ్లాను. "ఆ బండి పడేసింది నేను," అన్నాను. "ఉస్తాద్ నన్ను కాపాడబోయి కాలు విరగ్గొట్టుకున్నారు. నన్ను స్పితి రైడ్‌కు రానివ్వరని తప్పు తన మీద వేసుకున్నారు."

ప్రెసిడెంట్ వీడియో ఆపమని సైగ చేశాడు. "ఇప్పుడివన్ని ఎందుకు మేడమ్, మూడ్ ఖరాబ్ అయితది," అన్నాడు మెల్లగా.

ఉస్తాద్ కూతురు నావైపే చూస్తోంది. "మాకు ఎరికే ఆంటీ. అబ్బాజాన్ ఆ దినమే చెప్పిండు. మీరు చెప్తరని మస్తు ఎదురుజూసిండు." గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అప్పుడు అందరూ తిరుగుముఖం పట్టారు. ఆ గల్లీలో బండి మలుపడం ఒక్కరికీ చేతకాలేదు. కాళ్లతో నేలను తన్నుకుంటూ, ఒకరి టైరు ఒకరికి తగిలించుకుంటూ, ఇంజన్ల వేడిలో జాకెట్లతో చెమటలు కక్కారు. ఒక బండి మురుగు మోరీ గోడకు ఒరిగిపోయింది. గల్లీ అంతా పొగ. ఫాతెహాకు వచ్చిన ముసలివాళ్లు ముక్కుకు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు.

నేను ఇంజన్ వేయలేదు. దిగి, బండిని నా నడుముకు ఆనించుకుని వెనక్కి నెట్టసాగాను. కొద్దిసేపటికి బరువు తగ్గినట్టనిపించి తిరిగి చూశాను. ఉస్తాద్ కూతురు చున్నీ నడుముకు చుట్టుకుని వెనక క్యారియర్ పట్టి లాగుతోంది. నా ముఖం వైపు చూడలేదు. గల్లీ చివర వెలుతురు వైపు చూస్తూ, "రానియ్... రానియ్... జెర ఎడమకు," అంటోంది.