కాళ్లున్న ఇల్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభానికి ఒకతను పోస్టరు అంటిస్తున్నాడు. బకెట్లో బ్రష్షు ముంచి సిమెంటు మీద రుద్దగానే మైదా లై వాసన వచ్చింది. ఉడికిన పిండి వాసన, దాని వెనకే పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం ఘాటు. బడంగ్‌పేట్ ఆటో వచ్చి ఆగినా నేను ఎక్కలేదు. నాకు అది రాజ్యం ఆంటీ వాసన. ఆ వాసనతో పాటే కోపమూ వచ్చింది. అన్నం ముందు, నిద్ర ముందు దేవునికి స్తోత్రం చెప్పుకోనిదే నాకు పూట గడవదు. అలాంటిదాన్నైనా ఆ ఒక్క కోపం మాత్రం ఇన్నేళ్లుగా పచ్చిగానే ఉంది. ఆ రోజు నేను వెళ్తున్నది మా మేనత్త కొత్త ఇంటి ప్రార్థనకు. ఆమె పంపిన బంగారు అంచు కార్డు నా సంచిలో ఉంది.

చిన్నప్పుడు మేము ఎల్బీనగర్‌లో కిరాయి పోర్షన్‌లో ఉండేవాళ్లం. నాకు ఫిట్స్ వచ్చేవి. ఒకరోజు బడిలో వరుసలో నిలబడి ఉండగా పడిపోయాను. బడివాళ్లు నాన్నను పిలిపించి, పిల్లను ఇంట్లోనే ఉంచుకోమన్నారు. అదే నెలలో గోదావరి వైపు నుంచి రాజ్యం ఆంటీ వాళ్లు పక్క పోర్షన్‌లోకి దిగారు. పగలంతా గుమ్మంలో కూర్చుని ఉండే పిల్ల ఎవరని అమ్మను అడిగి, మర్నాటి నుంచి తనే చదువు చెప్పడం మొదలుపెట్టారు. మా మొదటి పుస్తకాలు పాత పెళ్లికార్డులు. వధువు, వరుడు, సుముహూర్తం, విందు. ఒత్తులు, గుణింతాలు నేను ఆ మెరిసే అక్షరాల మీదే నేర్చుకున్నాను. చదవడం అయిపోయిన కార్డు కత్తెర కిందికి వచ్చేది. దేవుడి బొమ్మ ఉన్న ముక్కను మాత్రం ఆంటీ ముందే వేరుచేసి, కళ్లకద్దుకుని డబ్బాలో దాచేవారు. మిగిలిన ముక్కలను లైతో అతికిస్తే లోకంలో లేని జంతువులు పుట్టేవి.

మా ఓనరు గోడకు మేకు కొట్టనిచ్చేవాడు కాదు. క్యాలెండరు కూడా తలుపు గొళ్లేనికే వేలాడేది. అందుకని ఆంటీ కిటికీ చువ్వ నుంచి వెంటిలేటరు దాకా, సరిగ్గా నా మంచం మీదుగా, దారం కట్టారు. దానికి గొడుగు పట్టుకున్న చేప, రెక్కల ఏనుగు, కాళ్లున్న ఇల్లు వేలాడేవి. ఇంటికి కాళ్లెందుకని అడిగాను. ఓనరు ఖాళీ చెయ్యమంటే సామాను సర్దక్కర్లేదు, ఇల్లే నడిచి వచ్చేస్తుందన్నారు. ఇలాంటివి చేయడం తప్పేమోనని అమ్మ జంకింది.

"మీ దేవుడు జిరాఫీని చేసేటప్పుడు ఎవర్నైనా అడిగాడా అమ్మా? ఆ మెడ చూడు ఒకసారి" అన్నారు ఆంటీ. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత లై తనే ఉడికించి ఇచ్చేది.

ఫిట్స్ వచ్చి తేరుకున్నాక కాసేపు నేనెవరో, ఎక్కడున్నానో నాకే తెలిసేది కాదు. ఆ భయం పడినవాళ్లకే తెలుసు. ఆంటీ దానికో ఉపాయం చెప్పారు. "కళ్లు తెరవగానే పైకి చూడు అమ్మడూ. చేప ఉందా, ఏనుగు ఉందా, ఇల్లు ఉందా? ఉంటే నువ్వు మీ ఇంట్లోనే ఉన్నట్టు." నేను అలాగే చూసేదాన్ని. గాలికి గొడుగు మెల్లగా తిరుగుతుంటే నా పేరు నాకు గుర్తొచ్చేది. రంగు బొమ్మలు ఇంటికి ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే. మలక్‌పేట దవాఖానలో నరాల డాక్టరు దగ్గరికి అమ్మనూ నన్నూ తీసుకెళ్లిందీ ఆంటీయే. రోజూ మాత్ర అప్పుడే మొదలైంది. రాత్రి నేను ప్రార్థనలో అన్నిటికీ స్తోత్రం అని ముగించడం ఒకసారి ఆవిడ విన్నారు. "అన్నిటికీ అంటే దేనికీ కాదన్నమాట. పేరు పెట్టి చెప్పవే" అన్నారు.

మాత్రలు మొదలైన కొత్తలోనే అత్తమ్మ వచ్చింది. ఆమె నాన్నకు అక్క, ప్రార్థన కూడికలు నడిపించే మనిషి. ఆమె ఎదుటే నాకు ఫిట్స్ వచ్చాయి. తర్వాత జరిగింది అమ్మ చెప్పగా విన్నదే. అత్తమ్మ స్టూలెక్కి దారం తెంపేసింది. "గీ దయ్యాల బొమ్మలు నెత్తిమీద పెట్టుకుంటే పిల్ల పడకుంట ఎట్లుంటది?" అని వాకిట్లో కిరసనాయిలు పోసి అంటించింది. అక్క మాటకు నాన్న ఎదురు చెప్పలేదు. పక్క గుమ్మంలో నుంచి ఆంటీ అంతా చూశారు.

"కాల్చారు, సరే. మాత్ర మాత్రం ఆపకండి. మీకు దణ్ణం పెడతాను" అన్నారట.

నేను కళ్లు తెరిచి పైకి చూశాను. అక్కడేమీ లేదు. చేప లేదు, ఏనుగు లేదు, ఇల్లు లేదు. మా అమ్మ ముఖం చూసి ఎవరో కొత్త మనిషనుకుని అరిచానట. అప్పటికి నా కోపానికి పేరు పెట్టడం నాకింకా తెలియదు.

మాత్ర పనిచేసింది, ఫిట్స్ ఆగిపోయాయి. అత్తమ్మ మాత్రం కూడిక కూడికకూ సాక్ష్యం చెప్పింది. బొమ్మలు కాలవెట్టినంక మా కృప మంచిగైందని. నేను, ఆ కృపను, పక్కనే కూర్చుని తల వంచుకునేదాన్ని. ఎదురు చెబితే మేలు మరిచిన పిల్లనని అనేవాళ్లు. ఆంటీ వాళ్లు హయత్‌నగర్ మారిపోయారు. చదువు అక్కడికీ బస్సెక్కి వెళ్లి నేర్చుకున్నాను. కిందటి వానాకాలంలో ఆవిడ పోయారు. ఆ రోజు కూడా అత్తమ్మ నోట ఆవిడ పేరు రాలేదు.

బడంగ్‌పేట్‌లో చెప్పులు విడిచి హాల్లోకి అడుగుపెట్టేసరికి ఎదురుగోడకు, నిలువెత్తున, మేకులు కొట్టి బిగించిన రెక్కల గుర్రం బొమ్మ. దాని చుట్టూ బంగారు రంగు చేపలు గాల్లో ఈదుతున్నాయి.

"కోడలు షోరూంల తెచ్చింది బిడ్డా. చూస్తుంటే మనసు హాయిగుంటది" అన్నది అత్తమ్మ.

అంతలో ప్రార్థనకు ముందు పాడే పాటలు అయిపోయాయి. అత్తమ్మ అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, కృప ఎట్ల మంచిగైందో మీకందరికీ ఎరుకే, ఇప్పుడు కృతజ్ఞత ప్రార్థన తనే చేస్తుందన్నది. అందరూ కళ్లు మూసుకున్నారు. మాలో ప్రార్థనను మధ్యలో ఎవరూ ఆపరు. ఆగిన చోటల్లా ఆమెన్ అనాలి, అంతే. నేను పేరు పెట్టి చెప్పాను.

"ప్రభువా, నన్ను దవాఖానకు తీసుకుపోయిన రాజ్యం ఆంటీ కోసం నీకు స్తోత్రం."

ఆమెన్ అన్నారు.

"నేను ఈ రోజుకూ వేసుకుంటున్న మాత్ర కోసం స్తోత్రం. గొడుగు పట్టుకున్న చేప కోసం, రెక్కల ఏనుగు కోసం, కాళ్లున్న ఇంటి కోసం స్తోత్రం. అవి మా వాకిట్లో కాలిపోయినయి ప్రభువా. వాటిల దయ్యం లేదు. వాటిని కాల్చిన చేతులను ఈ కొత్త ఇంట్ల చల్లగ చూడు."

ఈసారి ఆమెన్ చెదురుమదురుగా వచ్చింది. నేను కళ్లు తెరవకుండా అలాగే నిలబడ్డాను. ఒక గొంతు కోసం. అందరూ అనేశాక, నా భుజం మీది చెయ్యి తీసేశాక, అత్తమ్మ ఆమెన్ అన్నది.

దాంతో కోపం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఇంటికొచ్చి మైదా ఉడికించాను. ఇప్పటి మా ఓనరమ్మ కూడా మేకు కొట్టనివ్వదు. కిటికీ చువ్వ నుంచి దారం కట్టాను. అత్తమ్మ పంపిన బంగారు అంచు కార్డును కత్తిరించి ఇల్లు చేశాను, కింద రెండు కాళ్లు అతికించాను. రోజూ తెల్లారి కళ్లు తెరవగానే పైకి చూస్తాను. ఇల్లు ఉంది. ఆంటీ పేరు చెప్పి స్తోత్రం అంటాను. తర్వాత అత్తమ్మ మీది కోపాన్ని కూడా పేరు పెట్టి చెప్పి, లేచి మాత్ర వేసుకుంటాను.