అర్జీలో మొదటి సంతకం

మా పాత ఎమ్మెల్యే గారు పోయారని మొన్న పొద్దున పాలబూత్ దగ్గర తెలిసింది. ప్యాకెట్లు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ముందు దుఃఖం రాలేదు, సిగ్గు వచ్చింది. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

మద్రాసులో మా చూలై పేటలో ఆయన మాట అందరికీ నచ్చేది కాదు. బడి పక్కన బ్రాందీ షాపు వద్దన్నారు, ఆ షాపువాళ్ళు తన మనుషులే అయినా. రాయపురంలో చేపలవాళ్ళ గుడిసెలు తీసేస్తామంటే, సముద్రానికి నడిచి పోయేంత దూరంలో ఇళ్ళు కట్టిచ్చాకే ముట్టుకోమన్నారు. చిన్న బిడ్డల చదువు ఇంటి భాషలోనే మొదలు కావాలన్నారు. సొంత పార్టీవాళ్ళే "ఈ తెలుగు గొడవ నీకెందుకు?" అని విసుక్కునేవారు. "ఓటు ఏ బాసలో అడిగినానో, ఆ బాసలో వాళ్ళ బిడ్డలకి అక్షరం రావాల గదా" అనేవారు ఆయన.

మద్రాసు ఇంకా చెన్నై కాని రోజులు. పిల్లలు తగ్గారని మా వీధి బడిలో తెలుగు క్లాసులు ఎత్తేస్తారని తెలిసి, పదిమందిమి ఆయన దగ్గరికి వెళ్ళాం. "అర్జీ రాసియ్యండి. సభలో నేను అడగతా" అన్నారు. నా రాత బాగుంటుందని నేనే రాశాను. మొదటి సంతకమూ నాదే. నా కూతురు అప్పటికే ఇంగ్లీషు కాన్వెంటులో చదువుతోంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆయన సభలో ఆ అర్జీ చదివారు. ప్రభుత్వం వైపువాళ్ళు ముందే విచారించి పెట్టుకున్నారు. "మొదటి సంతకం పెట్టినావిడ బిడ్డ ఏ బడిలో చదువుతోందో తెలుసా?" అని ఎదురడిగారట. సభంతా నవ్విందట.

మర్నాడు సాయంత్రం ఆయనే మా ఇంటికొచ్చారు.

"నిజమేనామ్మా?"

"అవును సార్. ఇంగ్లీషు లేకుంటే రేపు పని దొరకదని బయం."

"బయపడేది తప్పు కాదమ్మా. ఒక్క మాట ముందే చెప్పుండచ్చు గదా? తల్లులకి ఈ బయం ఉండాది, అందుకే ఈడ బిడ్డలు తగ్గినారని, అదే ఆడ చెప్పుందును."

కాఫీ తాగి వెళ్ళిపోయారు. పేపరువాళ్ళు అడిగితే, "విచారించకుండా చదివింది నేను. తప్పు నాది" అన్నారు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు.

వేసవి సెలవుల తర్వాత ఆ క్లాసులు మళ్ళీ తెరవలేదు. తర్వాతి ఎన్నికల్లో ఆయనకి టికెట్టూ రాలేదు. రెండూ నా వల్లనే జరిగాయనుకుంటే నన్ను నేను పెద్ద చేసుకున్నట్టే. కానీ నా వంతు ఎంతో నాకు తెలుసు. బజార్లో కనిపించినప్పుడల్లా "ఏమ్మా, బాగుండారా?" అని ఆయనే పలకరించేవారు. నేను కూరల సంచి సర్దుకుంటూ తప్పుకునేదాన్ని. తప్పయిందని ఒక్కసారీ అనలేకపోయాను.

మొన్న, ఇప్పుడు పెద్దదైన నా కూతుర్ని వెంటబెట్టుకుని చివరి చూపుకి వెళ్ళాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "అర్జీ చానా బాగా రాసినారని మీ గురించి చెప్తానే ఉండేవారు" అంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను.

తిరిగి వస్తుంటే వీధి మొదట్లో గోడ మీద ఆయన ఫోటోతో పోస్టర్లు. తమిళంలో ఉన్నవి నా కూతురు గడగడా చదివేసింది. పక్కన తెలుగులో ఒక్కటే ఉంది. దాని ముందు ఆగి, "అమ్మా, ఇందులో ఏం రాసుండారు?" అని అడిగింది.

జిగురు ఇంకా ఆరలేదు. అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను.