జవాబు చూసి కుదించిన ప్రయర్

2024 వేసవి. ఆదోనిలో మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఫ్యాను కూడా వేడిగాలే విసురుతోంది. ఎమ్మెస్సీ పిల్లలతో ప్రాజెక్టులు చేయించడం నా పని. ఆ ఏడు ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే నాగవేణి డార్క్ ఎనర్జీని ఎంచుకుంది. విశ్వం నానాటికీ మరింత వేగంగా విస్తరిస్తోంది. దానికి కారణమని మనం పేరు పెట్టుకున్న, ఇంకా ఎవరికీ అంతుబట్టని శక్తి అది. అది ఎప్పుడూ ఒకేలా ఉంటుందా, కాలంతో మారుతుందా అన్నది ఆమె ప్రశ్న.

పేలిపోయిన నక్షత్రాల కొలతలు ఇంటర్నెట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఒకేలా ఉండేది, మారేది అనే రెండు మోడళ్ళలో దేనికి ఎక్కువ మద్దతుందో బేయిస్ అనే గణాంక పద్ధతిలో తూచాలి. అందులో ప్రయర్ అని ఒకటుంటుంది. డేటా చూడకముందే, ఏ విలువలు సాధ్యమనుకుంటున్నామో గీసుకునే హద్దు అది.

ఒకరోజు నాగవేణి పరుగున వచ్చింది. "సార్, మారే మోడలే గెలిసింది! చానా తేడాతో!"

వచ్చే వారమే ఆమెకు పీహెచ్‌డీ ఇంటర్వ్యూ. ఇలాంటి ఫలితం చేతిలో ఉంటే సీటు ఎక్కడికీ పోదు. నాకూ కాళ్ళు నేల మీద నిలవలేదు. అయినా పాడు అలవాటు, ఊరుకోలేక అడిగాను.

"ప్రయర్ ఇంత ఇరుగ్గా ఉందేమ్మా?"

"మొదట వెడల్పుగానే పెట్టినా సార్. జవాబు యాడ పడతాందో సూసుకొని ఆడికి కుదించినా. మా ఇంట్లోనూ అంతే గదా. కొంచెం నేసి సూసి, మగ్గం సరిచేస్తాం."

మగ్గం దగ్గర అది పనితనమే. ఇక్కడ మాత్రం హద్దు గీయడానికోసారి, మోడళ్ళను తూచడానికోసారి ఒకే డేటాను రెండుసార్లు వాడుకోవడం. ఆ మాట చెబితే ఆమె ముఖం వాడిపోయింది. వెడల్పు ప్రయర్‌తో మళ్ళీ లెక్క వేశాం. రెండు మోడళ్ళూ ఇంచుమించు సమానంగా తూగాయి. ఆ డేటాతో ఏదీ తేలదు.

"అబద్ధమేం రాయలేదు గదా సార్? ఈ ఒక్కసారికి అట్లే ఉండనీయండి" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సరేనన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ పిల్లను అలా చూస్తే ఎవరికైనా వస్తుంది. "నిర్ణయం నీదేనమ్మా. ప్రయర్ ఎట్లా పెట్టినావని వాళ్ళడిగితే ఏం చెప్తావు?" అన్నాను.

ఇంటర్వ్యూలో తేలలేదనే చెప్పింది. ఎందుకు తేలలేదో కూడా చెప్పింది. గట్టి ఫలితం చూపించిన వేరేవాళ్ళకు సీటు ఇచ్చారు. నాకు ఒళ్ళు మండింది.

ఓదారుద్దామని ఎమ్మిగనూరు వెళ్ళాను. నాగవేణి నాన్న ఈరన్న మగ్గం ఆపి లేచి వచ్చాడు. నేనేదో సంజాయిషీ మొదలుపెట్టాను.

"పోనీలే సార్" అన్నాడాయన. "రేపు ఎవరో తప్పంటే మాట ఎనక్కి తీసుకునే పని లేదు గదా మా పాపకు. సీటు మళ్ళా అడుగుతాది."

నాగవేణి టీ తెచ్చింది. కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. "కొత్త డేటా వస్తాందంట సార్. ఈసారి ప్రయర్ ముందే సెప్తా" అంది.

"ఈ డేటాతో తేలదు" అని నేను క్లాసులో ఎంత తేలిగ్గా అనేవాణ్ణో! ఆ మాట చెప్పి సీటు పోగొట్టుకున్న పిల్ల చేతి టీ తాగాక, ఇప్పుడది అంత తేలిగ్గా నోట రావడం లేదు.