గేటు పక్కన చెట్టు

పార్కు తోటమాలి ముక్కుసూటి మనిషి. మోకాళ్ల దగ్గర ప్యాంటుకు ఎప్పుడూ తడిమట్టే. నడకకు వచ్చిన పెద్దమనుషులు బెంచీ మీద చేరి పార్కు చరిత్ర తప్పుగా చెప్పుకుంటుంటే ఊరుకోలేడు. గడ్డి కోస్తున్నవాడల్లా లేచి, "ఫౌంటెన్ కట్టి ముప్పై ఏళ్లు కాదండీ, ఇరవై ఎనిమిదే. అంతకుముందు అక్కడ గుర్రాల కొట్టం ఉండేది" అని సరిచేసి మళ్లీ కొడవలి అందుకుంటాడు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. గేటు దగ్గర శిలాఫలకం మీద పేరున్న పెద్దాయన నాటిన మొక్క వారానికే ఎండిపోయింది. దాని చోట పెట్టినదాన్ని గోడ దూకొచ్చిన మేక మేసేసింది. ఇప్పుడు నీడనిస్తున్నది తోటమాలి నాటిన మూడోది. ఎండాకాలమంతా బకెట్లతో నీళ్లు మోసి బతికించుకున్నది.

నిన్న పొద్దున ఆ పెద్దాయన కూతురు వచ్చింది. తండ్రి పోయి నెలయిందట. ఫలకం మీది పేరును అరచేత్తో తుడిచి, చెట్టుకు చెంప ఆనించి చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

"ఇది మా నాన్న నాటిందే కదా బాబాయ్?"

తోటమాలి కొడవలి కింద పెట్టాడు.

"అవునమ్మా. అంతా ఆయన చేతి చలవ."

ఆ పూట బెంచీ మీద ఎవరో ఫౌంటెన్‌కు నలభై ఏళ్లన్నారు. అతను తలెత్తకుండా గడ్డి కోసుకుంటూ పోయాడు.