మామ కట్టిన ఉరుమాల, నేను తీయించుకున్న పిలక

నా పెళ్లి నా చేతులతో నేనే చెడగొట్టుకోబోయాను. అందులో శత్రువుల ప్రమేయం ఏమీ లేదు, తెలివంతా నాదే. మీరు నవ్వుకుంటారని తెలిసే చెబుతున్నాను.

మా తాత గోచీతోనే కాలం వెళ్లదీశాడు. మా నాన్న పక్కముడుల అంగీ తొడిగితే, వంశం చెడిందని తాత మూడు రోజులు మాట్లాడలేదట. ఇక మిగిలింది నేను. పెళ్లికి నాలుగు రోజుల ముందు పత్తి బండి తోలుకుని కోయంబత్తూరు వెళ్లాను. అక్కడ కచేరీ గుమాస్తా ఒకడు దొరలా క్రాపుతో నడిచిపోతుంటే చూసి, తిన్నగా మంగలి ముందు కూర్చున్నాను. కుడుమి, అదే పిలక, కూడా తీసెయ్యాలా అని అతడు రెండుసార్లు అడిగాడు, పాపం. రెండుసార్లూ తీసెయ్యమనే అన్నాను.

మాలో పెళ్లికొడుక్కి మేనమామే ఉరుమాల, అంటే తలపాగా, కట్టాలి. దాంతోనే వంగి పెద్దలకు మొక్కాలి. పిలక ముడే దానికి ఆధారం. పైగా నా మేనమామే నాకు పిల్లనిచ్చేవాడు. క్రాపు సంగతి ఆయన చెవిన పడింది. ముందువైపే కత్తిరించాను, పిలక భద్రంగా ఉందని బొంకాను.

"సెరి, సూస్తాం. ఉరుమాల నిలిస్తే తాళి కట్టు. జారితే నీ బండెక్కి పో," అన్నాడు మామ.

మామ కూతురు రంగమ్మంటే నాకు ప్రాణం. పెళ్లినాడు మామ ఇంట్లోనే విడిది గదిలో కూర్చున్నాను. తలుపు వెనక కొయ్యకు ఎవరిదో సవరం వేలాడుతోంది. దాన్ని ముడిచుట్టి, అరటినారతో నడినెత్తిన బిగించి, పైన తుండు కప్పాను. ఇంట్లో అత్త పొద్దుట్నించీ తలనొప్పంటూ నెత్తిన కొంగు కప్పుకుని ఏదో వెతుకుతోంది. ఊళ్లోకెల్లా పొడుగు జడ మా అత్తదే. అయినా నాకు బుర్ర వెలగలేదు.

మామ తుండు మీదే ఉరుమాల చుట్టి, ముడి తడిమి, తృప్తిగా తలూపాడు. మొదటి మొక్కు గట్టెక్కింది. రెండోదానికి నార తెగింది. ఉరుమాల మామ ఒళ్లో పడింది, సవరం ఆయన మోకాలి మీదుగా నేల దాకా జారింది.

"ఎవురిదిరా ఈ జుట్టు?" అన్నాడు మామ.

అత్త గబగబా వచ్చి సవరం అందుకుని కొంగులో దోపుకుంది.

"ఇంకెవురిది, అల్లుడి కుడుమే. తీయించినా పారెయ్యకుండా దాసి కట్టుకునుండాడు, మీరంటే అంత మర్యాద. జారింది మీ కట్టు బాగలేక. మళ్లీ కట్టండి, ముహూర్తం పోతా ఉండాది."

మామ కళ్లు చెమర్చాయి. మళ్లీ కట్టాడు. ఈసారి నేను మెడ కదపకుండా కళ్లతోనే మొక్కాను. అదీ చెల్లుతుందని అత్తే తీర్పు చెప్పింది.

ఇప్పుడు నా మనవళ్లందరివీ క్రాపులే. నా ఉరుమాల చూసి నవ్వుతారు. నవ్వనీ. నా తల మీద దానికి ఆధారం పిలకా లేదు, క్రాపూ లేదు. మామ మాత్రం పోయేదాకా, "మా అల్లుడి కుడుమి మా ఇంటిదాని జడకు సాటి" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. అలా చెప్పినప్పుడల్లా అత్త నావంక చూసేది, నేను నేల చూపులు చూసేవాణ్ణి.

కనుక కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి చెబుతున్నాను: అత్తవారింట కొయ్యకు వేలాడేది ఏదైనా సరే, అది ఎవరి తలదో తెలుసుకోకుండా నా తలకెత్తుకోను.