సాల్మన్ చేతికొచ్చిన సాక్సోఫోన్ రికార్డు

పాత జాజ్ రికార్డు కొనాలంటే ముందు బెంగళూరు పక్క చందాపురలో సాల్మన్ గడప తొక్కాల్సిందే. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సరుకు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆయన అసలుదంటే అసలుది, నకిలీ అంటే నకిలీ. ఎవరొచ్చి చెప్పినా తిరుగులేదు.

ఈ విద్య సరదా కొద్దీ అబ్బింది కాదు. ఆయన తండ్రి జోసెఫ్ క్లబ్బుల్లో సాక్సోఫోన్ వాయించేవాడు. తన వాద్యంతో ఒకే ఒక్క రికార్డు చేసి కన్నుమూశాడు. అప్పట్లో ఇంట్లో ప్లేయర్ లేదు కాబట్టి కొడుకు దాన్ని ఒక్కసారీ వినలేదు. ఇరవయ్యో ఏట, బాప్తిస్మం తీసుకున్న వేడిలో, లోకసంబంధమైన పాటలు ఇంట్లో ఉండకూడదని తండ్రి దాచుకున్న ఆరు ప్రతులనూ పెరట్లో కుప్పపోసి కాల్చేశాడు. అయ్యో, ఎంత పని చేశావయ్యా! ఆ నల్లపొగ వాసన ఇక ఆయన్ని వదిలితే ఒట్టు. అన్నం ముందు కూర్చున్నా అదే, ప్రార్థనలో మోకరించినా అదే. ఎవరి రికార్డు పట్టుకున్నా తండ్రినే వెతుక్కుంటాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే మరి.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే భవ్య ఒక పాత రికార్డు పట్టుకొచ్చింది.

"అంకుల్, సెల్లర్ ఒరిజినల్ అంటున్నాడు. మీరు ఓకే అంటేనే కొంటాను."

అట్ట వెనుక తండ్రి పేరు చూసి సాల్మన్ గుండె ఝల్లుమంది. అయినా పని మానలేదు. లేబుల్ చుట్టూ నున్నగా ఉండే చోటును వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత వేసిన నకళ్ల మీద నంబరు యంత్రం కొట్టినట్టుంటుంది. ఇది చేత్తో గీసింది. ప్లేయర్ మీదికెక్కించి ముల్లు పెట్టాడు. కాసేపు చిటపటలు. సాక్సోఫోన్ కంటే ముందు ఒక మగగొంతు మెల్లగా పలికింది: "స్తోత్రం ప్రభువా."

ఆ మాట అనకుండా జోసెఫ్ ఏనాడూ వాద్యం నోట పెట్టలేదు. సాల్మన్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. లోకసంబంధమని తాను తగలబెట్టింది దీన్నా!

భవ్య మొహం చిట్లించింది. "ఎవరో గొణిగారు. డిఫెక్టా అంకుల్? అయితే రిటర్న్ ఇచ్చేస్తాను."

అవునంటే చాలు, రేపు అమ్మేవాడి దగ్గరికెళ్లి తానే తెచ్చుకోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లోపం కాదమ్మా, అసలుదే. ఆ గొంతు మా నాయనది," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇట్లాంటివి ఆరుండె. నేనే కాల్చేసినా. నువ్వు తీసకపో తల్లీ, కాల్చినోడి ఇంట్లో మాత్రం పెట్టొద్దు."