రెక్కను తిప్పే స్టాండ్లు

మా ఆయన విమానం కడుతున్నాడంటే చుట్టాలు మొదట నవ్వారు, తర్వాత నా మొహం చూసి జాలిపడ్డారు. గద్వాల నుంచి అయిజకు పోయే దారిలో మాకొక ట్రాక్టర్ షెడ్డు ఉంది. ట్రాక్టరేమో బయట ఎండకు ఎండుతోంది, షెడ్డులో చెక్క రెక్క దర్జాగా పడుకుంది. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి, ఒక్కరు కూర్చునే విమానాన్ని సొంత చేతులతో కట్టి తీరాలని పట్టుబట్టాడు. అది ఎగురుతుందా, అసలు ఎగరనిస్తారా అని అడగడం నేను ఎప్పుడో మానేశాను.

తొందరంతా ఎందుకంటే, ఆయన చేతులు వణకడం మొదలైంది. వనపర్తి దవాఖానలో డాక్టరు ఇది తగ్గేది కాదు, మెల్లగా పెరిగేదే అన్నాడు. మందుల కవరు పట్టుకుని మెట్లు దిగుతూ ఈయన అన్న మొదటి మాట: "రెక్కకు బట్ట నేనే ఎయ్యాలె. చేతులు మాట ఇంటున్నప్పుడే అయిపోవాలె." నేనింకా డాక్టరు మాట దగ్గరే ఉన్నాను. ఆయన మనసు మాత్రం అప్పటికే షెడ్డు చేరింది.

బట్ట వేయడమంటే చెక్క పక్కటెముకల మీద పాలియెస్టర్ బట్ట పరిచి, అంచులు జిగురుతో అంటించి, వేడి ఇస్త్రీ పెట్టెతో మెల్లగా రుద్దడం. అప్పుడది ముడుచుకుని డప్పులా బిగుసుకుంటుంది. ఆ ఇస్త్రీ పెట్టె నాదే. అది షెడ్డుకు పోయిన నాటి నుంచి పెళ్లిళ్లకు కూడా నలిగిన చీరలే కడుతున్నాను. ముందు కింది వైపు, తర్వాత పై వైపు, మళ్లీ కింద. రెక్కను తిప్పడమే పెద్ద గండం. మొదటి రెక్కను తిప్పడానికి మానవపాడు నుంచి మా తమ్ముళ్లు వచ్చి, వడ్ల బస్తా ఎత్తినట్టు తలో మూలా పట్టారు. ఒకడు అందరికంటే ముందే దించాడు. రెక్క నడుము విరిగింది. అందుకని రెండో రెక్కకు స్టాండ్లు కావాలన్నాడు ఈయన. రెండు కొసలకూ రెండు ఇనుప స్టాండ్లు, వాటిలో తిరిగే పైపులు, ఆ పైపులకు రెక్కను బిగిస్తే మేమిద్దరమే తిప్పుకోవచ్చట.

అయిజలో ట్రాలీలు, గేట్లు చేసే వెల్డింగ్ అతనికి బొమ్మ గీసి ఇచ్చాడు. స్టాండ్లు వచ్చాయి. వాటి మీద ఏనుగునైనా పడుకోబెట్టొచ్చు, కానీ తిరగవు. పైపు కొంచెం ఊగుతోందని అతను చుట్టూ వెల్డింగ్ కొట్టి బిగించేశాడు. ఫోన్ చేస్తే, "ఊగే మాల్ నా షాపుల నుంచి బయటికి పోదు సార్, పరువు పోతది" అన్నాడు. మళ్లీ కోయించి, గ్రీజు పట్టించి, తిప్పడానికి పిడులు, రెక్కను ఏ వాలులోనైనా ఆపడానికి ఒక పిన్ను పెట్టించేసరికి నా ఓపిక అడుగంటింది.

రెక్క ఎక్కించిన రోజు కొబ్బరికాయ కొట్టాడు. ఫిజిక్సు సారు! మొదటి తిప్పుడు శుభంగా ఉండాలట. ఆ కొసన నన్ను నిలబెట్టి, ఈ కొసన తను నిలబడి, "హారతి ఎట్ల తిప్పుతవో గట్లనే తిప్పు. ఉల్టా తిప్పకు, మంచిది కాదు" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి దేవుడికి హారతి ఇస్తున్నదాన్ని, నాకొకరు చెప్పాలా? అట్లాగే తిప్పాను. ఆయనా తన వైపు నుంచి అట్లాగే తిప్పాడు. ఎదురెదురుగా నిలబడి ఎవరి హారతి వాళ్లిస్తే మధ్యలో రెక్క ఏమవుతుంది? తడిబట్ట పిండినట్టు మెలిపడింది. లోపల ఎక్కడో టక్కుమంది.

ఇంత చదువు చదివి, ఇన్నేళ్లు పిల్లలకు చెప్పి, మీకీ మాత్రం తోచలేదా అని అరిచాను. ఆయన లోపలికి టార్చి వేసి చూశాడు. అదృష్టం, ఒక్క పక్కటెముకే చిట్లింది. దాన్ని అతికించి, నా వైపు పిడిని కోసేశాడు. ఒక కొసన తిప్పితే రెండో కొస దానంతటదే తిరుగుతుందట. ఈ బుద్ధి మొదలే ఉంటే ఏం పోయేది?

బట్ట అంటించడం వరకు ఎట్లాగో అయింది. ఇస్త్రీ దగ్గరకు వచ్చేసరికి ఆయన చెయ్యి మాట వినలేదు. పెట్టె ఒకే తీరుగా కదులుతూ ఉండాలి, ఒకచోట నిలిచిందంటే బట్ట కరుగుతుంది. కుడి మణికట్టును ఎడమ చేత్తో అదిమి పట్టుకుని చూశాడు. అయినా పెట్టె తడబడి ఆగింది, బట్టకు చిల్లు పడింది. తిడదామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.

చిల్లుకు మాసిక వేశాక ఆయన పెట్టెను నా వైపు జరిపాడు. "నీ చెయ్యి నిలకడగుంటది, నువ్వు పట్టు. నేను తిప్పుత."

పట్టుకున్నాను. పిన్ను వేసేస్తే ఇక తనకు పనేముంటుందనుకున్నాడేమో, వేయలేదు. రెక్కను నాకు అందేలా వాల్చి, పిడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. రెండు గజాలు రుద్దానో లేదో, పెట్టె కింద బట్ట అదురుతోంది. నా చెయ్యేమోనని చూసుకున్నాను. నాది కాదు. అంత పొడవు రెక్కలోంచీ ఆయన వణుకు నా దాకా వస్తోంది.

"పిన్ను ఎయ్యుండ్రి," అన్నాను. "ఏసి, చేతులు తియ్యుండ్రి."

పిన్ను రంధ్రంలో పడడానికి చాలాసేపు పట్టింది. నేను అటు చూడలేదు. అది పడిన చప్పుడు విన్నాక పెట్టెను మళ్లీ బట్ట మీద ఆనించాను. ఈసారి రెక్క కదలలేదు.